ఏడులో నాలుగు

నైరోబీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు
కిసుములో మా కాలేజీకి.
హాల్లో పంకాలు ఆగిపోయినా
ఆయన కోటు విప్పలేదు.
తెరమీద మెట్లు, మెట్ల మీద బాణాలు,
చిట్టచివరి మెట్టు మీద ఆయన ఫోటో.
"నేనూ మీలా ఈ బెంచీల మీదే కూర్చున్నాను" అన్నాడు.
చప్పట్లు కొట్టీ కొట్టీ
మా అరచేతులు మండాయి.

ఆయన కారు గేటు దాటకముందే
ఒక పరిశోధకురాలు కాగితాలు పంచింది.
సొంతంగా వ్యాపారం పెట్టాలన్న ఉద్దేశం మీకు ఎంత ఉంది?
ఒకటి నుంచి ఏడు దాకా
ఒక అంకె చుట్టూ సున్నా చుట్టండి.
కాగితం చిరిగేంత గట్టిగా
ఏడు చుట్టూ చుట్టాను.
ఒపొండోదీ ఏడే. లవెండాదీ ఏడే.
ఆ పూట హాలు నిండా ఏడంకెలే.

కింద ఇంకో ప్రశ్న ఉంది:
మీకు దగ్గరగా తెలిసినవాళ్లలో
వ్యాపారం చేసేవాళ్లున్నారా?
ఖాళీగా వదిలేశాను.
మా పిన్ని బొగ్గు అమ్ముతుంది.
దాన్ని వ్యాపారమంటారని అప్పటికి తోచలేదు.

ఏప్రిల్ సెలవుల్లో
మామా ఆవూర్ షెడ్డులో పనికి కుదిరాను.
చేపల ఫ్యాక్టరీ పారేసే తోళ్లు
బస్తాల లెక్కన కొంటుందావిడ.
పొలుసు గీకి, బొప్పాయి రసంలో నానేసి,
పలకలకి మేకులు కొట్టి ఆరేసి,
సంచులు కుట్టిస్తుంది.
మొదటిరోజు మొక్కజొన్న ముద్ద నా గొంతు దిగలేదు.
మూడోవారానికి వాసన నాకు తెలియడం మానేసింది,
మటాటులో పక్కవాళ్లకి తెలిసేది.

ఆవిడ చెప్పే గొప్ప మాటలు రాసుకుందామని
కొత్త నోటుబుక్కు కొన్నాను.
అందులో ఉన్నవి ఇవి:
"ఉప్పు తక్కువైంది."
"ఆ కత్తి మొండిది, ఇంకోటి తీసుకో."
"అప్పడగడానికి సోమవారం వెళ్లకు."

వానలు పట్టుకున్నాయి.
సరస్సు మీద గుర్రపుడెక్క
ఒడ్డుదాకా అల్లుకుని పడవలు కదల్లేదు.
తోళ్లు ఆరలేదు.
మొంబాసా హోటలుకి పంపిన అరవై సంచులు
లారీలో తిరిగొచ్చాయి.
చీటీ మీద ఒకటే మాట: వాసన.

ఏడుస్తుందేమోనని
నేను బయటే నిలబడ్డాను.
ఆవిడ ఒక్కో సంచీ తెరిచి
లోపలికంటా ముక్కు పెట్టి చూసి
రెండు కుప్పలు చేసింది.
"ఇవి వాన తప్పు. ఇవి నా తప్పు."
ఆవిడ కుప్పే పెద్దది.

సాయంత్రం డబ్బు లెక్కపెట్టింది,
మళ్లీ లెక్కపెడితే పెరుగుతుందేమో అన్నట్టు
ఇంకోసారి.
కుట్టేవాళ్లిద్దరికీ ముందు ఇచ్చింది, తర్వాత నాకు.
గల్లాపెట్టె బోర్లించి, దుమ్ము దులిపి,
"రేపు పెందలాడే రా,
ఉప్పు పెంచి చూద్దాం" అంది.
అదీ రాసుకున్నాను.

మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎంత లోతుంటుందో
కోటాయన చూపించలేదు.
చూపించాడేమో,
నేను బాణాలే చూస్తున్నానేమో.

ఇంటికెళ్లే దారిలో మా పిన్ని దగ్గర ఆగాను.
డబ్బాతో బొగ్గు కొలిచి, పైన ఇంకో గుప్పెడు వేస్తోంది.
ఇన్నేళ్లూ చూసిందే. ఆ రోజే అడిగాను,
నష్టం కాదా అని.
"ఆ కొసరు కోసమే కదా రేపూ వస్తారు" అంది
తలెత్తకుండానే.

కాలేజీ తెరిచాక మళ్లీ అవే కాగితాలు.
ఏడు దగ్గర పెన్ను ఆగింది.
నా గోటి సందులో ఒక పొలుసు
ఇంకా మెరుస్తోంది.
నాలుగు చుట్టూ చుట్టాను.

పరిశోధకురాలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి
"ఉత్సాహం తగ్గిందేం?" అంది.
ఏం చెప్పను?
ఆ ఏడు ఎరువు సొమ్ము,
ఇచ్చినాయనకే ఇచ్చేశాను.
ఈ నాలుగు మాత్రం నాది,
వాసనతో సహా.

దగ్గరగా తెలిసినవాళ్లు, అన్నచోట
ఈసారి జాగా చాల్లేదు.
మామా ఆవూర్ అని రాసి,
అంచు వెంబడి నిలువుగా, చిన్న అక్షరాల్లో,
మా పిన్ని పేరు రాశాను:
పెరెస్ అడోంగో,
బొగ్గు వ్యాపారం, ఇరవై రెండేళ్లు.